మీ ఇంటిపేరు ఏ ఊరిది? మూలం వెతకడం మొదటి నుంచి చివరిదాకా

పెళ్లి భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దాయన ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, మీరు దేవులపల్లి అన్నారనుకోండి, వెంటనే "కృష్ణశాస్త్రి గారి తాలూకానా?" అంటారు. కందుకూరి అంటే వీరేశలింగం గారి వాళ్లా అని, టంగుటూరి అంటే ప్రకాశం గారి వాళ్లా అని. ఔనో కాదో తెలియక చాలామంది నవ్వి ఊరుకుంటారు. కొందరు ఔననేస్తారు, అది రెండు తరాలు తిరిగేసరికి ఇంటి చరిత్ర అయి కూర్చుంటుంది.

నేను మా ఇంటిపేరు వెంట రెండేళ్లు తిరిగాను. ఆ తిరుగుడులో నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. మన ఇంటిపేర్లలో చాలావాటికి ఊరి దారి చూపించే గుణం ఉంది, రక్తసంబంధం సంగతి మాత్రం ఆ పేరు ఒక్కటే తేల్చదు. కాబట్టి ముందు ఊరు, తర్వాత కాగితం, అందరికంటే చివర్న ప్రసిద్ధులు. ఈ వరుస తప్పితే పని మొత్తం చెడుతుంది.

మొదటి పని: పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం

దీన్ని వచ్చే సెలవులకు వాయిదా వేయకండి, ఈ వారమే చేయండి. కాగితాలు ఇంకో పదేళ్లయినా ఉంటాయి, ఎనభై దాటిన మనిషి జ్ఞాపకం ఉండదు. మా మేనత్త చెప్పిన రెండు ఊళ్ల పేర్లు లేకపోతే నేను ఇప్పటికీ వేరే జిల్లాలో వెతుకుతూ ఉండేవాణ్ని. మేనత్తలను తప్పకుండా అడగండి. ఆ ఇంట్లో పుట్టి వేరే ఇంటికి వెళ్లిన ఆడపడుచులకు పుట్టింటి సంగతులు మగవాళ్లకంటే బాగా గుర్తుంటాయి.

"మన ఇంటిపేరు ఎలా వచ్చింది?" అని నేరుగా అడిగితే సాధారణంగా తెలియదంటారు, లేదా ఏదో ఒక కథ చెబుతారు. కథ రాసుకోండి కానీ అసలు ప్రశ్నలు వేరే. పుట్టువెంట్రుకలు ఏ గుళ్లో తీయించేవారు? ఇలవేల్పు ఎవరు, ఆ దేవతకు మొక్కు తీర్చడానికి ఏ ఊరు వెళ్లేవారు? పొలం ముందు ఏ ఊళ్లో ఉండేది, ఎవరు అమ్మారు? మన ఇంటిపేరు వాళ్లు ఇంకా ఏయే ఊళ్లలో ఉన్నారు? వాళ్లలో ఎవరు పోతే మనం మైల పట్టేవాళ్లం? ఈ చివరి ప్రశ్నను మాత్రం వదలొద్దు. మైల పట్టేది దాయాదులకే కాబట్టి, ఒకే ఇంటిపేరున్న పది కుటుంబాల్లో మీ శాఖ ఏదో ఆ ఒక్క జవాబుతోనే విడిపోతుంది.

తద్దినాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా చెబుతారు, పెళ్లిలో ప్రవర చదివేటప్పుడు రెండు వైపులా మూడు తరాల పేర్లు వస్తాయి. పురోహితుడి దగ్గర పాత పుస్తకం ఉంటే అడిగి చూడండి. ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచి పాత శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, స్కూల్ టీసీలు, అప్పు నోట్లు, భూమి దస్తావేజులు అన్నీ బయటకు తీసి ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. దస్తావేజుల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి, ఎందుకంటే "ఫలానా ఊరు కాపురస్తులు, ఫలానా వారి కుమారుడు" అని మొదటి వాక్యంలోనే ఊరూ తండ్రి పేరూ రెండూ రాస్తారు.

మాటలు రికార్డు చేసేముందు వాళ్లకు చెప్పి చేయండి. ఒకసారి కూర్చుంటే చాలదు, పాత ఫొటోలు చూపిస్తూ రెండోసారి కూర్చుంటే మొదటిసారి రానివి వస్తాయి.

రెండో పని: పేరును విప్పి చూడటం

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కొంచెం ఎక్కువే చెబుతాను.

మన భాషలో ఊరి పేరు ఇంటిపేరుగా మారేటప్పుడు చాలాసార్లు చివర మారుతుంది. "ఇల్లు" అనే మాట "ఇంటి తలుపు" అన్నప్పుడు ఎలా మారిందో, "కాడు" అనే మాట "కాటి కాపరి"లో ఎలా మారిందో, ఊరి పేర్లూ అలాగే మారతాయి. ఓరుగల్లు ఓరుగంటి అవుతుంది. కొడవటికల్లు అనే ఊరు కృష్ణా తీరంలో ఉంది, అదే కొడవటిగంటి. పాడుతో ముగిసే ఊరు పాటి అవుతుంది, ఊరుతో ముగిసేది ఊరి అవుతుంది, టంగుటూరు నుంచి టంగుటూరి, వేమూరు నుంచి వేమూరి వచ్చినట్టు. "అన్నం" నుంచి "అన్నపు ముద్ద" వచ్చినట్టే అన్నవరం నుంచి అన్నవరపు, పోలవరం నుంచి పోలవరపు, బాలాంత్రం నుంచి బాలాంత్రపు. అందుకని మీ పేరు గంటి, పాటి, ఊరి, వరపు అని ముగిస్తే దాన్ని వెనక్కి తిప్పి కల్లు, పాడు, ఊరు, వరం చేసి ఆ రూపంలో ఊరిని వెతకాలి. గంటితో ముగిసే ఊరి కోసం మ్యాపులో వెతికి దొరకలేదని వదిలేసినవాళ్లను చూశాను, వాళ్లు వెతకాల్సింది కల్లుతో ముగిసే ఊరిని.

ఇది ప్రతిసారీ జరగదు. సురవరం ప్రతాపరెడ్డి గారి ఇంటిపేరు సురవరపు కాలేదు, సురవరంగానే నిలిచింది. తాళ్లపాక, సర్వేపల్లి, దేవులపల్లి లాంటివి ఉన్నదున్నట్టే ఉంటాయి.

అన్నీ ఊళ్లే అనుకోకండి. నేనితో ముగిసేవాటిలో "నాయని" అనే మాట దాగి ఉంది, అంటే నాయుడు అనిపించుకున్న ఒక పూర్వీకుడి పేరు ముందు భాగంలో ఉంటుంది. సింగిరెడ్డి లాంటివీ మనిషి పేర్లే. ఆదిభట్ల, సోమయాజుల, అవధానుల లాంటివి చదువును బట్టో చేసిన యజ్ఞాన్ని బట్టో వచ్చిన గౌరవనామాలు. కరణం, దేశ్‌ముఖ్, దేశ్‌పాండే పదవులు. వడ్ల అంటే వడ్రంగి పని. తోటకూర, గుమ్మడి, బెల్లం, మామిడి లాంటి వస్తువుల పేర్లూ ఇంటిపేర్లయ్యాయి, వీటి వెనక ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటుంది, ఆ కథలు వినడానికి ఎంత బాగున్నా కాగితం దొరికేదాకా కథగానే రాసుకోండి. ఇక కొన్ని పేర్లు రెండు వైపులా లాగుతాయి. ఆదిభట్ల అంటే హైదరాబాద్ పక్కన ఊరు ఉంది, అజ్జాడలో పుట్టిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి (1864–1945) ఇంటిపేరూ ఉంది. ధ్వని ఒకటే కదా అని విజయనగరం దగ్గరి ఇంటిని ఇబ్రహీంపట్నం దగ్గరి ఊరికి కట్టేయకూడదు.

మూడో పని: ఊరిని ఖాయం చేసుకోవడం

ఒకే పేరున్న ఊళ్లు మనకు ఎన్నో. కందుకూరు కోస్తాలో ఉంది, రంగారెడ్డి జిల్లాలోనూ ఉంది. జనగణన గ్రామాల జాబితాలోనో పంచాయతీల జాబితాలోనో ఆ పేరున్న ఊళ్లన్నీ రాసుకుని, మీ పెద్దవాళ్లు చెప్పిన ఇలవేల్పుతో, వలస దారితో, వియ్యాలందుకున్న ఊళ్లతో పోల్చి ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రండి. మిగిలిన ఊరికి స్వయంగా వెళ్లండి. అక్కడ మీ ఇంటిపేరు వాళ్లు ఇప్పుడు ఒక్కరూ ఉండకపోవచ్చు, అందులో వింతేమీ లేదు. ఊరు వదిలి వేరే చోటికి వెళ్లినవాళ్లనే కదా కొత్త చోట "ఫలానా ఊరివాళ్లు" అని పిలుస్తారు, ఉన్న ఊళ్లోనే ఉన్నవాళ్లకు ఆ పిలుపు అవసరం లేదు.

దీనికి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరు చక్కటి ఉదాహరణ. ఆయన 1888లో పుట్టింది తిరుత్తణిలో. సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో. పూర్వీకులు అక్కడి నుంచి కదిలారు, పేరు మాత్రం ఊరిని వదల్లేదు. త్యాగయ్య గారిదీ అంతే. 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యూరులో జీవించిన ఆ మహానుభావుడి ఇంటిపేరు కాకర్ల, దాన్ని ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కంభం వైపున్న కాకర్ల గ్రామంతో కలుపుతారు. తమిళదేశంలో తరాల తరబడి ఉన్న తెలుగు కుటుంబాలకు ఎన్నోసార్లు మిగిలే ఆధారం ఈ ఒక్క మాటే.

మ్యాపులో ఊరు దొరకకపోతే ఇంకో రెండు చోట్ల చూడాలి. రెవెన్యూ లెక్కల్లో జనం లేని గ్రామాలను బేచిరాక్ గ్రామాలంటారు, పొలాలకు సర్వే నంబర్లు ఉంటాయి కానీ ఒక్క ఇల్లూ ఉండదు. అలాంటి ఊరి పేరు రెవెన్యూ మ్యాపులో మాత్రమే బతుకుతుంది. రెండోది, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో మునిగిపోయిన ఊళ్లు. పాత జిల్లా మ్యాపులు, గెజెటీర్లు చూస్తే అవి కనిపిస్తాయి.

నాలుగో పని: కాగితాల వెంట పడటం

దగ్గరి నుంచి దూరానికి వెళ్లండి. పట్టాదారు పాస్‌బుక్, 1బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే లెక్క), అడంగల్ (సాగు లెక్క)తో మొదలుపెట్టి వెనక్కి. ఆంధ్రలో అయితే మీభూమి వెబ్‌సైటు, తెలంగాణలో అయితే ఇప్పుడు భూభారతి వెబ్‌సైటు, వీటిలో దొరికేది ఈమధ్య కాలం సంగతే. అంతకంటే పాతవి కావాలంటే కోస్తా, రాయలసీమ జిల్లాల్లో ఆర్‌ఎస్‌ఆర్, అంటే పాతవాళ్లు డైక్లాట్ అనే పాత సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు, తెలంగాణలో సేత్వార్ అనే సర్వే రిజిస్టరు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి లెక్క అడగాలి. ఇనాం భూములు (పాలకులు దానంగా ఇచ్చినవి) ఉన్న కుటుంబమైతే మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఇనాం కమిషన్ తయారు చేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు బంగారు గని లాంటిది, ఆ భూమి ఎవరు, ఎవరికి, ఎందుకిచ్చారో అందులో ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత దస్తావేజుల నకళ్లు కూడా తీయించుకోవచ్చు.

ఆఫీసుకు వెళ్లేముందు సర్వే నంబరు, ఊరు, సుమారుగా సంవత్సరం చేతిలో ఉంచుకోండి. ఇవి లేకుండా మొదటిసారి నేను ఒక ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగి ఖాళీ చేతులతో వచ్చాను. తర్వాత మా తాతగారి పాస్‌బుక్కులో ఇంటిపేరు ఒక అక్షరం మారి ఉందని తెలిసింది, దాంతో వెతికినదంతా మళ్లీ మొదటి నుంచి వెతకాల్సి వచ్చింది. కాబట్టి మీ పేరు ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందే జాబితా చేసుకోండి, ళ బదులు ల, ణ బదులు న, ఒత్తు పోయినవి, ఇంగ్లీషులో రాసి మళ్లీ తెలుగులోకి మార్చినప్పుడు చెడినవి, అన్నీ.

ఇక్కడ మనసుకు కష్టంగా అనిపించే సంగతి ఒకటి ఉంది. ఎన్నో వృత్తి కులాల కుటుంబాలకు పాత లెక్కల్లో ఇంటిపేరు రాయలేదు, ఆ చోట కులం పేరు రాశారు. పాలకుర్తి వీరనారి ఐలమ్మ గారిని లోకమంతా చాకలి ఐలమ్మ అనే పిలుస్తుంది, ఆమె ఇంటిపేరు చిట్యాల అని తెలిసినవాళ్లు ఎంతమంది? మీ కుటుంబానికీ ఇలాగే జరిగి ఉంటే "మా పేరు రికార్డుల్లో లేదు" అని వదిలేయకండి. తాత పేరు, ఆయన తండ్రి పేరు, సర్వే నంబరు పట్టుకుని వెతకండి, ఇంటిపేరు స్థానంలో ఏ మాట రాసి ఉన్నా మనిషి దొరుకుతాడు.

భూమి కాగితాలు దాటి వెనక్కి పోవాలంటే కైఫీయత్తులున్నాయి. కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు 1800కు అటూ ఇటూ ఊరూరా కరణాల దగ్గర రాయించి సేకరించిన గ్రామ చరిత్రలు ఇవి, అసలు ప్రతులు చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి, చాలావాటిని జిల్లాల వారీగా అచ్చు వేశారు. గుంటూరు సీమ కైఫీయత్తులు చదివితే గణపతిదేవుడి మంత్రి గోపరాజు రామన్న ఏ ఊరి కరణీకం ఏ ఇంటిపేరువారికి ఇచ్చాడనే సంగతి పదే పదే కనిపిస్తుంది. కరణాలు తమ హక్కు కోసం చెప్పిన మాటలు కూడా వీటిలో కలిసి ఉంటాయి కాబట్టి శాసనంతో సరిచూసుకోవాలి. దక్షిణ భారత శాసనాల పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే. నిజాం ఇలాకా కాగితాలకు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, అంటే రాష్ట్ర పాత పత్రాల భాండాగారం, పాత పత్రికలకు వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం. తెలంగాణవాళ్లయితే 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో తెచ్చిన గోలకొండ కవుల సంచిక తిరగేయండి, ఏ ఊళ్లో ఏ ఇంటిపేరు ఉండేదో దానిలో బాగా తెలుస్తుంది.

కాశీ, గయ వెళ్లినవాళ్లుంటే అక్కడి పండాల (యాత్రికుల పురోహితుల) బహీలు చూడమనండి, వచ్చిన యాత్రికుల ఊరు, పేర్లు రాసి తరాల తరబడి దాచిన పుస్తకాలు అవి.

ఐదో పని: పేరు మధ్యలో మారిందేమో చూడటం

ఇంటిపేరు ఆది నుంచీ ఒకటే అనుకుంటే పొరబడతాం. 1952 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు, సొంతూరు బూర్గుల కాబట్టి అదే పేరైంది. అంటే పుస్తకాల్లో చదివే "ఊరి పేరు ఇంటిపేరు కావడం" ఇరవయ్యో శతాబ్దంలో కూడా, అందరూ చూస్తుండగానే జరిగింది.

దత్తత ఇంకో మలుపు. శ్రీశ్రీ గారు పుట్టింది పూడిపెద్ది వారింట్లో, దత్తత వెళ్లింది శ్రీరంగం వారింటికి. శ్రీరంగం శ్రీనివాసరావు అని మాత్రమే తెలిసినవాడు రక్తసంబంధం వెతికితే మొదటి మెట్టు దగ్గరే దారి తప్పుతాడు. మీ వంశవృక్షంలో ఎక్కడైనా తండ్రి పేరు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంటే దత్తత జరిగిందేమో ముందు అడగండి. ఇల్లరికం వచ్చిన అల్లుడి పిల్లలకు మామగారి ఇంటిపేరు పెట్టిన ఇళ్లూ ఉన్నాయి.

ఆడవాళ్ల వైపు వెతికేటప్పుడు ప్రతి తరంలోనూ పుట్టింటి పేరు రాసుకుంటూ పోవాలి, లేకపోతే ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది.

ఆరో పని: అదే పేరున్న ప్రసిద్ధులు

ఇప్పుడు ఆ పెళ్లి భోజనాల ప్రశ్నకు వద్దాం. దేవులపల్లి తీసుకోండి. పిఠాపురం దగ్గర పుట్టిన భావకవి కృష్ణశాస్త్రి గారు (1897–1980) ఒకరు. వరంగల్లు వైపు నుంచి వచ్చి శోభ పత్రిక నడిపి, సారస్వత పరిషత్తుకు జీవితం ధారపోసిన రామానుజరావు గారు ఇంకొకరు. తెలంగాణ సాయుధ పోరాటంలో నాయకుడై, 1957లో నల్గొండ నుంచి లోక్‌సభకు వెళ్లిన వెంకటేశ్వరరావు గారు మరొకరు. దేవులపల్లి అంటే దేవుళ్ల పల్లె, గుడి మాన్యాలున్న ఏ ఊరికైనా ఆ పేరు రావచ్చు, వచ్చింది కూడా. ముగ్గురినీ ఒక గీత మీద రాసి "మా వంశంలో వీళ్లున్నారు" అనడానికి ఆ పేరు ఒక్కటీ చాలదు.

కందుకూరి చూడండి. నిరంకుశోపాఖ్యానం రాసిన రుద్రకవిది పదహారో శతాబ్దం, రాజమండ్రిలో పుట్టిన వీరేశలింగం గారిది పంతొమ్మిదో శతాబ్దం. రుద్రకవిని విశ్వబ్రాహ్మణుడంటారు, వీరేశలింగం గారు నియోగి బ్రాహ్మణులు. ఇద్దరినీ కలిపేది ఊరు. ఒక ఊరి నుంచి బయటికి వెళ్లిన ఏ కులంవాళ్లకైనా ఆ ఊరి పేరు రావచ్చు, అందుకే ఒకే ఇంటిపేరు ఐదారు కులాల్లో కనిపిస్తుంది, దీన్ని చూసి ఒకరి పేరు ఇంకొకరు తీసుకున్నారని అనుకోకూడదు.

తాళ్లపాకది దీనికి పూర్తిగా ఎదురు కథ. అన్నమాచార్యులు (1408–1503), భార్య తిమ్మక్క, కొడుకు పెదతిరుమలాచార్యులు, మనవడు చిన్నన్న, అందరూ రచయితలే. చిన్నన్న తాతగారి జీవితాన్ని ద్విపదలో రాశాడు, సంకీర్తనలు రాగిరేకుల మీద తిరుమలలో దొరికాయి. ఇక్కడ పేరుతోపాటు ఊరు, తరాల వరుస, ఒకరి గురించి ఒకరు రాసిన రాతలు అన్నీ కలిశాయి, అందుకే అది ఒకే కుటుంబమని ధైర్యంగా చెప్పగలం. టంగుటూరి సూర్యకుమారి గారు ప్రకాశం గారి తమ్ముడి కూతురని చెప్పడం కూడా ఇలాంటిదే, తెలిసిన బంధుత్వం అది.

కాబట్టి ఒక ప్రసిద్ధుడి పేరు పక్కన మీ కుటుంబాన్ని రాసేముందు నాలుగు అడగండి. ఊరు కలిసిందా? గోత్రం ఉంటే గోత్రం కలిసిందా? తరాల వరుసలో ఖాళీ లేకుండా పేర్లు వచ్చాయా? మైల పట్టిన జ్ఞాపకం రెండు వైపులా ఉందా? గోత్రం ఒక్కటే కలిస్తే అది బలహీనమైన ఆధారం, గోత్రం తేడా వస్తే మాత్రం అది దాదాపు కాదనే లెక్క, దత్తత జరిగి ఉంటే తప్ప.

ఇనీషియల్స్ దగ్గర కూడా జాగ్రత్త. తెలుగువాళ్లకు మొదటి అక్షరం సాధారణంగా ఇంటిపేరు, వి.వి. గిరి గారిలో మొదటి వి వరాహగిరి, బాలమురళీకృష్ణ గారి ఎం మంగళంపల్లి. తమిళుల్లో మొదటి అక్షరం తండ్రి పేరో ఊరి పేరో అవుతుంది. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మధ్యలో ఏదో ఒక తరం ఈ పద్ధతికి మారిపోయి ఉంటుంది, ఆ తరం ఏదో పట్టుకోండి.

సముద్రం దాటినవాళ్లకు

1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాత వచ్చిన ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా, జిల్లా రాసి ఉంటాయి. దక్షిణాఫ్రికాలో నాయుడు అనే మాట చాలా ఇళ్లకు ఇంటిపేరైపోయింది, అసలు ఇంటిపేరు పోయింది, అలాంటివాళ్లు ఇంటిపేరుతో కాకుండా ఓడ పేరు, కూలీ నంబరుతో మొదలుపెట్టాలి. మారిషస్‌లో తెలుగువాళ్లను కోరంగీలనేవారు, కోరంగి రేవు నుంచి వచ్చారని. అక్కడి వలస రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

దొరికినదాన్ని రాసిపెట్టడం

ఒక నోటుబుక్కులో మూడు గడులు గీయండి: విన్నది, కాగితంలో చూసింది, నేను ఊహించింది. ప్రతి సంగతీ ఈ మూడింటిలో ఒకదాంట్లోకి వెళ్లాలి, పక్కన ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాయాలి. ఊహ ఎప్పుడూ కాగితం గడిలోకి దూకకూడదు. బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు, భూమి వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, వంశవృక్షం పంచుకునేటప్పుడు పోయినవాళ్ల పేర్ల వరకే ఇవ్వండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి దాయాదుల్లో ఎవరో ఒకరి దగ్గర ఉంచండి. ఇప్పుడు లేచి మేనత్తకు ఫోన్ చేయండి, పుట్టువెంట్రుకలు ఏ గుళ్లో తీశారో అడగండి.